కట్టెల చోట సున్నా

సర్వే పుస్తకం మా ఇంటికి వచ్చిన రోజున పెదనాన్న నన్ను సర్వే మేడమ్‌కి ఇలా పరిచయం చేశాడు.

"ఇదిగో, మా గుమాస్తా. మాట్లాడమంటే నోరు పెగలదు గానీ ఎప్పుడు చూసినా ఏదో ఒకటి గీకుతూనే ఉంటుంది. మీ పుస్తకం దీని చేతిలో పెట్టండి."

నేను డైరీ రాస్తానని ఇంట్లో అందరికీ తెలుసు. అది వాళ్ళకి పెద్ద వేళాకోళం. అందుకే నాకు గుమాస్తా అని పేరు పెట్టారు.

మేడమ్ నవ్వలేదు. సన్నటి మనిషి, చెప్పుల నిండా దుమ్ము. భుజానికి సంచీ బదులు కొక్కెం కాటా వేలాడుతోంది. వీధిలో అప్పటికే ఆమెకి తూకం మేడమ్ అని పేరు పడిపోయింది.

"ఎంతవరకు చదివావు?"

"పది అయిపోయిందండీ, ఊరి బళ్ళోనే," అని తలుపు వెనకాల నుంచి అమ్మ చెప్పింది.

"నేను అడిగింది మిమ్మల్ని కాదు," అంది మేడమ్. నేను తల ఊపాను. ఆమె నిట్టూర్చి, పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది.

అందులో ఇరవై ఎనిమిది పేజీలున్నాయి. ప్రతి పేజీకీ పైన నంబరు అచ్చయి ఉంది. రోజుకో పేజీ. కట్టెలు, గ్యాస్, కరెంటు, కిరసనాయిలు, దేనికి దానికి ఒక గడి. అన్నిటికంటే అడుగున, 'పొయ్యి దగ్గర ఎవరు, ఎంతసేపు' అని ఇంకో గడి.

"కాటా నీ దగ్గరే ఉంచుతాను. పొద్దున్నే ఇరవై కిలోల కట్టెలు తూచి ఈ ఎర్రగుడ్డ మీద విడిగా పెట్టు. రోజంతా దాంట్లోంచే వాడాలి. మర్నాడు పొద్దున మిగిలినవి తూచు. తేడా రాయి. కాటా ఏం చెబితే అదే రాయాలి. నీ తెలివి ఉపయోగించొద్దు."

పెదనాన్న కుర్చీలో వెనక్కి వాలాడు. "దేశానికి మా పొయ్యితో ఏం పని మేడమ్?"

"దేశం మొత్తం ఎంత కాలుస్తోంది, ఎంత పొగ వదులుతోంది, అంత కాల్చి ఎంత సంపాదిస్తోంది. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తారు. కరెంటుకి మీటరుంది. పెట్రోలుకి బంకుంది. కట్టెలకి ఏ మీటరూ లేదు. అందుకే ఈ పిల్ల."

"మా ఇల్లే దొరికిందా?"

"మీ ఊరికి చీటీల్లో ఆరు ఇళ్ళు వచ్చాయి. అందులో మీదొకటి. మీలాంటి కొన్ని వేల ఇళ్ళకి మీరే లెక్క. ఇక్కడ కిలో తప్పు రాస్తే అక్కడ లారీల కొద్దీ తప్పు."

అందుకే ఈ పిల్ల, అన్న మాట నేను ఆ సాయంత్రం నా డైరీలో రాసుకున్నాను. నా గురించి అంత పెద్ద మాట అంతకుముందు ఎవరూ అనలేదు.

*

మా ఇంట్లో వంటగదులు రెండు. ముందు వైపు వంటగదికి నున్నటి గచ్చు, గట్టు మీద రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి ఉన్నాయి. ఆ పొయ్యికి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ తీయలేదు. రెండోది పెరట్లో రేకుల కొట్టం. అమ్మ వండేది అక్కడ, కట్టెల మీద. ఇంట్లో నలుగురికి, పెదనాన్న బేకరీలో పనిచేసే నలుగురికి, రెండు పూటలా. స్నానాల నీళ్ళు కూడా అక్కడే కాగుతాయి.

ఇంటికి రెండు సిలిండర్లు వస్తాయి. ఒకటి పెద్దమ్మ పేరు మీద, ఒకటి అమ్మ పేరు మీద. రెండూ వచ్చిన రోజే బేకరీకి పోతాయి. అక్కడ రొట్టెల పొయ్యి వాటి మీదే నడుస్తుంది. నాన్న ఎక్కడో పవర్ స్టేషన్లో బొగ్గు దింపుతాడు. రెండు నెలలకోసారి వచ్చి, రెండు రోజులు నిద్రపోయి వెళతాడు. ఇంట్లో మాట పెదనాన్నదే.

అమ్మకి రెండేళ్ళ నుంచి దగ్గు. ఆరోగ్య కేంద్రం డాక్టరు చీటీ మీద 'పొగ తగలకూడదు' అని రాశాడు. ఆ చీటీ పెద్దమ్మ చదివి, "పొగ తగలకూడదంట మహారాణికి. రేపట్నుంచి పన్నీటితో వండమనండి," అని దాన్ని మడిచి ఊగే బల్ల కోడు కింద పెట్టింది. ఆ బల్ల ఇప్పుడు ఊగదు.

కాబట్టి సర్వే పుస్తకంలో ఆ అడుగు గడి చూసినప్పుడు నేనేం అనుకున్నానో చెప్పాల్సిన పనిలేదు. దేశం చూస్తుంది అనుకున్నాను. ఎవరో ఒకరు ఆ గడి చదివి, జీపులో వచ్చి, అమ్మ సిలిండరు ఏదని అడుగుతారు అనుకున్నాను.

మొదటి రోజు ఇరవై పెట్టాను, ఏడు మిగిలాయి. పదమూడు కిలోలు. పొయ్యి దగ్గర అమ్మ, ఐదు గంటల పది నిమిషాలు. రెండో రోజు పన్నెండున్నర. అమ్మ, ఐదు గంటలు.

మూడో రోజు భోజనాల దగ్గర పెదనాన్న పుస్తకం తెప్పించుకుని, ఎడమ చేత్తో పేజీలు తిప్పాడు. ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏంటే ఇది? పదమూడు కిలోలా? మనింట్లో గ్యాస్ ఉంది కదా."

నేను పళ్ళెంలోకి చూశాను.

"కట్టెల చోట సున్నా రాయి. గ్యాస్ చోట రోజుకి అరకిలో రాయి. ఇంటి సిలిండర్లు బేకరీలో పెట్టానని గ్యాస్ వాళ్ళకి తెలిసిందనుకో, రెండూ పీకేసి నా మీద కేసు పెడతారు. అర్థమైందా గుమాస్తాగారూ?"

"దానికి అర్థమవుతుంది. అర్థం కానట్టు నిలబడటం ఒక కళ," అంది పెద్దమ్మ.

పెదనాన్న అమ్మ వైపు తిరిగాడు. "నీ కూతురికి నువ్వే చెప్పు. దాన్ని టౌన్లో కాలేజీలో చేర్పించాల్సింది నేను. అది గుర్తుపెట్టుకుని చెప్పు."

అమ్మ, దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళింది.

నేను మర్నాడు కూడా కాటా చెప్పిందే రాశాను. అది ధైర్యం కాదు. కట్టెల చోట సున్నా వేస్తే కింద గడిలో అమ్మ ఐదు గంటలూ కొట్టేయాలి. అది నా చేత కాలేదు.

*

నాలుగో రోజు నుంచి లెక్క తేడా వచ్చింది. ఆ రోజు కాలింది ఎనిమిది కిలోలే. ఐదో రోజు నాలుగు. అదే అన్నం, అదే కూర, అవే నీళ్ళు. అమ్మ కూర్చున్నదీ అదే ఐదు గంటలు. కట్టెలు మాత్రం రోజుకి నాలుగేసి కిలోలు తగ్గాయి.

ఎవరో కుప్పలోకి కట్టెలు కలుపుతున్నారు. పుస్తకం చింపడానికి లేదు, పేజీలకి నంబర్లున్నాయి. నా చేత సున్నా రాయించడం కుదరలేదు. అందుకని కాటా చేతే అబద్ధం చెప్పిస్తున్నారు. ఎవరో నాకు తెలుసు అనుకున్నాను. పెద్దమ్మ ఈ మధ్య పెరట్లోకి రెండుసార్లు వచ్చింది, బట్టలు ఆరేయడానికని.

ఆరో రోజు పొద్దున నేను ఇరవై కిలోలు తూచి, ఒక్కో కట్టె నరికిన మొన మీద బొగ్గుతో నంబరు వేశాను. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా. ఎవరికీ చెప్పలేదు. చెప్పడం నాకు రాదు. నా డైరీలో రాశాను.

ఏడో రోజు పొద్దున కాటాకి మిగిలిన మోపు తగిలిస్తే ముల్లు ఇరవై దాటి ఆగింది. దింపి మళ్ళీ తగిలించాను. ఇరవై రెండున్నర. ఇరవై పెట్టి, రోజంతా వండితే, ఇరవై రెండున్నర మిగిలాయి. మోపులో నంబరు లేని మొనలే ఎక్కువ.

కాటా ఏం చెబితే అదే రాయమన్నారు కదా. కాలినవి అన్న గడిలో మైనస్ అని చిన్న అడ్డగీత గీసి, దాని పక్కన రెండున్నర రాశాను.

ఆ పూటే మేడమ్ వారం తనిఖీకి వచ్చింది. అరుగు మీద కూర్చుని పేజీలు తిప్పుతూ ఆ గడి దగ్గర ఆగింది.

"ఏమిటిది? మీ ఇంట్లో కట్టెలు పొయ్యిలో పెడితే పిల్లలు పెడతాయా?"

పెదనాన్న బయటికి వచ్చాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది. అమ్మ పెరటి తలుపు దగ్గర ఆగిపోయింది.

"పదమూడు, పన్నెండున్నర, పన్నెండు, ఎనిమిది, నాలుగు, ఇప్పుడిది. నువ్వు కాటా ముట్టుకోకుండా ఇంట్లో కూర్చుని రాస్తున్నావు," అంది మేడమ్. "నాకు ఇలాంటి పుస్తకాలు కొత్త కాదు. నమ్మకం లేని పుస్తకాన్ని పక్కన పడేసి, చుట్టుపక్కల ఇళ్ళ సగటు వేసుకుంటాం. నీ ఇల్లే లేనట్టు."

"హాయిగా వేసుకోండి మేడమ్. సగటంత మర్యాదస్తుడు ఇంకొకడు లేడు," అన్నాడు పెదనాన్న.

సగటు వేస్తే అమ్మ ఐదు గంటలు పోతాయి.  లోపలికి వెళ్ళి నా డైరీ తెచ్చి, నిన్నటి పేజీ తీసి, మేడమ్ చేతికిచ్చాను.

ఆమె మనసులో చదువుకుంటుందనుకున్నాను. తప్పుల పేపరు తరగతిలో చదివే టీచరులాగా పైకి చదివింది.

"'పెద్దమ్మ దొంగచాటుగా కుప్పలో కట్టెలు కలుపుతోంది. అందుకే ఇవాళ అన్నిటికీ బొగ్గుతో నంబర్లు వేశాను. రేపు నంబరు లేనివి కనబడితే అవి ఆమె వేసినవే. ఆమెకి అమ్మ దగ్గు వినపడదు. అన్నం గిన్నె చప్పుడు మాత్రం వీధి చివర నుంచి కూడా వినపడుతుంది.'"

ఆ ఆఖరి రెండు ముక్కలు ఎవరూ చదవడానికి రాసినవి కావు.

"నేనా?" అంది పెద్దమ్మ. "ఆ కొట్టం గడప తొక్కి ఎన్నేళ్ళయిందే నేను? నాకేం ఖర్మ పట్టిందని కట్టెలు మోస్తాను? ఇన్నాళ్ళు కూడు పెట్టినందుకు నన్ను దొంగని చేసి ప్రభుత్వం చేత చదివిస్తావా?"

"అక్కా, అరవకు," అంది అమ్మ. "వేసింది నేను."

అందరం అమ్మ వైపు చూశాం. అమ్మ నా వైపు చూడలేదు.

"బావగారు చెప్పారు. పిల్ల చేత అబద్ధం రాయించొద్దు, కుప్ప తగ్గకుండా చూడు, అది నిజమే రాసినా సున్నా వస్తుంది అన్నారు. సున్నా వస్తే కాలేజీకి పంపుతానన్నారు. రోజూ వంటయ్యాక వెనక నుంచి ఒక మోపు తెచ్చి వేశాను. నా దగ్గర కాటా లేదు కదా. నిన్న చేతి అంచనా తప్పింది."

అంత మాట్లాడేసరికి దగ్గు వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది. ఆ కట్టెలన్నీ అమ్మ ఆ దగ్గుతో మోసింది. నేను దొంగ అని రాసింది అమ్మని.

మేడమ్ లేచి కుప్ప దగ్గరికి వెళ్ళింది. నంబరు లేనివన్నీ ఏరి కాటాకి తగిలించింది. పదిహేను. నంబరు ఉన్నవి ఏడున్నర. పుస్తకంలో నా అంకె కొట్టేసి, పైన పన్నెండున్నర అని రాసి సంతకం పెట్టింది. నాలుగో రోజు, ఐదో రోజు పేజీలకి అడ్డంగా గీత కొట్టింది.

"ఎవరు వేశారు, ఎందుకు వేశారు, అవి నాకక్కర్లేదు. ఎన్ని కాలాయో చాలు."

"మేడమ్," అన్నాడు పెదనాన్న, గొంతు తగ్గించి. "ఇది గ్యాస్ వాళ్ళ దాకా పోతుందా?"

"పోదు. ఒక ఇంటి లెక్క ఇంకో ఆఫీసుకి చూపిస్తే నా ఉద్యోగం పోతుంది. పేర్లు ముందే తీసేస్తారు. ఏడాదిన్నర తర్వాత మొత్తం దేశం లెక్క అచ్చవుతుంది. అందులో మీరుండరు. మొత్తమే ఉంటుంది."

పెదనాన్న మొహం విప్పారింది. ఈ వారంలో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

"ఈ ముక్క మొదటి రోజే చెప్పొచ్చు కదండీ. అనవసరంగా ఇంట్లో గొడవ. రాసుకోవే గుమాస్తా, పదమూడేం ఖర్మ, ముప్పై రాసుకో."

నేను మేడమ్ వెనకాలే వీధి గేటు దాకా వెళ్ళాను. ఆమె గేటు గడియ తీస్తుంటే అడిగాను.

"అంటే ఎవరూ రారా?"

"ఎందుకు వస్తారు?"

"అమ్మ ఐదు గంటలని రాశాను."

ఆమె జాలి పడలేదు. "నువ్వూ నీలాంటి వాళ్ళూ రాసిందంతా కలిపితే ఒక గీత అవుతుంది. అది పైకి పోతోందా కిందికి పోతోందా చూసి, ఎప్పుడో, ఎవరో, ఏదో చేస్తారు. మీ అమ్మ కోసం కాదు." గేటు దాటాక వెనక్కి తిరగకుండానే అంది. "ఇంకోటి. తూకం వేయకుండా మీ ఇంట్లో ఒక్క పుల్ల కాలకూడదు. ఆ గుడ్డ మీద ఎంత పెడతావో నీ ఇష్టం, ఇరవయ్యే కానక్కర్లేదు. మళ్ళీ తేడా వస్తే సగటే."

*

ఎనిమిదో రోజు పొద్దున నేను ఎర్రగుడ్డ పరిచాను. దాని మీద ఏమీ పెట్టలేదు.

అమ్మ గిన్నెలు పట్టుకుని వచ్చింది. గుడ్డ చూసింది, నన్ను చూసింది. వద్దని అనలేదు. గిన్నెలు దింపి, బట్టలుతికే రాయి మీద కూర్చుంది. పొద్దుటి పూట అమ్మ ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుంది.

ఏడింటికి పెద్దమ్మ భుజాన తువ్వాలు వేసుకుని వచ్చింది.

"నీళ్ళేవి?"

"పెదనాన్న కట్టెల చోట సున్నా కావాలన్నారు పెద్దమ్మా. సున్నా పెట్టాను," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. పెద్దమ్మ ముందు నన్ను, తర్వాత అమ్మను చూసింది.

"నోరొచ్చిందే దీనికి. లేవవే నువ్వు, పొయ్యి వెలిగించు."

"కట్టెలు లేవక్కా," అంది అమ్మ.

"అంత పేర్చిన వరస కనబడటం లేదా?"

"తూకం వేసినవి లేవు."

"మీ తల్లీ కూతుళ్ళు కలిసి నాకు నాటకం ఆడుతున్నారా? నాకు చేతకాదనుకున్నారా?" పెద్దమ్మ వరసలోంచి చేతికి దొరికిన కట్టెలు లాగింది. నేను కాటా పట్టుకుని అడ్డం నిలబడ్డాను. 

"అవి తూచాలి పెద్దమ్మా."

"తూచుకో. నన్ను కూడా తూచుకో." కట్టెలు నా కాళ్ళ ముందు పడేసింది. ఆరు కిలోలు. రాసుకున్నాను.

ఆమె కొట్టంలోకి వెళ్ళింది. అగ్గిపుల్లలు వరసగా గీసిన చప్పుడు వినిపించింది. తర్వాత గొట్టంతో ఊదిన చప్పుడు. తర్వాత రేకుల సందుల్లోంచి పొగ. ఆ పొగ మామూలు కంటే లావుగా, పచ్చగా వచ్చింది. తడికట్టెలు లాగినట్టుంది.

"గొట్టం కొంచెం వాలుగా పెట్టి ఊదాలక్కా," అని అమ్మ బయట నుంచి చెప్పింది. అది ఎత్తిపొడుపు కాదు. అమ్మకి ఎత్తిపొడవడం రాదు.

లోపల నుంచి గొట్టం ఎగిరి వచ్చి పెరట్లో పడింది. దాని వెనకే పెద్దమ్మ వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారుతోంది, జుట్టు మీద బూడిద. నూతి గట్టు పట్టుకుని వంగి దగ్గింది. ఆ దగ్గు నాకు బాగా తెలిసిన దగ్గే. ఆమెకే కొత్త. నేను గోడ గడియారం చూశాను. పదిహేను నిమిషాలు.

ఆయాసం తగ్గాక పెద్దమ్మ ఫోను తీసింది. "సిలిండర్ పంపుతారా, నన్ను చావమంటారా? ... ఎవరి పేరు మీదున్నదైతే నాకేంటి, ముందు పంపండి. లేకపోతే మీ పనివాళ్ళకి మధ్యాహ్నం మీ రొట్టెలే పెట్టుకోండి."

పదకొండింటికి పెదనాన్న తనే వచ్చాడు. రిక్షాలోంచి సిలిండరు దింపి, కాలితో దొర్లించుకుంటూ ముందు వంటగదిలోకి తెచ్చాడు. గచ్చు మీద పొడుగ్గా గీత పడింది. పొయ్యి మీది ప్లాస్టిక్ కవరు ఒక్క లాగులో చింపేశాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. నా దగ్గరికి వచ్చి, చాలా నెమ్మదిగా మాట్లాడాడు. ఆయన అరిచినప్పటికంటే నాకు అదే ఎక్కువ భయం.

"ఇరవై ఎనిమిది రోజులే కదా నీ పెత్తనం. ఆ పుస్తకం గడప దాటిన రోజే ఈ సిలిండరూ దాటుతుంది. కాలేజీ సంగతి ఇక మర్చిపో. ఇంట్లోనే కూర్చుని నీ ఇష్టమొచ్చినంత గీక్కో."

"సరే పెదనాన్నా. సిలిండరు తూచాలి, కాస్త పక్కకి జరగండి," అన్నాను.

ఆయన చెయ్యి ఎత్తాడు. పెద్దమ్మ తడి మొహం తుడుచుకుంటూ, "ముందు నీళ్ళు కాగనివ్వండి. కొట్టుడు తర్వాత," అంది. చెయ్యి దిగింది. ఆమె నన్ను కాపాడిందని నేను అనుకోలేదు. ఆమెకి నీళ్ళు కావాలి.

అమ్మా నేనూ కలిసి సిలిండరుని కాటాకి తగిలించాం. ఇరవై నాలుగున్నర. ఖాళీ బరువు దాని మెడ మీద కొట్టి ఉంది, పదిహేను. గ్యాస్ తొమ్మిదిన్నర కిలోలు.

అమ్మ పొయ్యి ముందు నిలబడింది. ఆమె పేరు మీద వచ్చిన సిలిండరే అయినా, మర ఎటు తిప్పాలో ఆమెకి తెలియదు. పెద్దమ్మ విసురుగా వచ్చి తిప్పి వెలిగించి పోయింది. నీలం మంట లేచింది. అమ్మ అలవాటు కొద్దీ మొహం పక్కకి తిప్పుకుంది. తర్వాత మెల్లిగా మళ్ళీ మంట వైపు తిప్పింది.

సాయంత్రం కొట్టంలో ఆరిపోయిన కట్టెలు తూచాను. నాలుగు కిలోలు మిగిలాయి. సర్వే పుస్తకంలో ఎనిమిదో పేజీ తీసి రాశాను. కట్టెలు, రెండు కిలోలు. కట్టెల పొయ్యి దగ్గర పెద్దమ్మ, పదిహేను నిమిషాలు. అమ్మ, సున్నా.

ఆ సున్నా మీద ఇంకోసారి కలం తిప్పాను, అచ్చేసేవాళ్ళకి సరిగ్గా కనబడాలని. దేశం మొత్తంలో అది కలిసిపోతుందని నాకిప్పుడు తెలుసు. అయినా తిప్పాను.

తర్వాత నా డైరీ తీశాను. కాలేజీ లేదు, అని రాశాను. ఇంకా ఇరవై రోజులున్నాయి, అని రాశాను. మొన్నటి పేజీలో 'పెద్దమ్మ' అని తప్పు రాసిన చోట కొట్టేసి అమ్మ అని దిద్దాను. దొంగచాటుగా అన్న మాట మాత్రం అలాగే ఉంచాను. అది నిజమే కదా. పదిహేను కిలోలు, నా కోసం.